ప్రొజెక్టర్ గది కన్నంలోంచి నాకు నచ్చిన సినిమాలు

రాయగడ తమ్ముడు అడిగింది ఇదీ: "మాది తెలుగిల్లు, మా ఆవిడది కటక్. పెళ్ళయి ఏడాది. తనకి తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. ఇద్దరం కూర్చుని చూడ్డానికి, మీ జీవితంలో మీకు బాగా నచ్చిన సినిమాలు అయిదారు చెప్పండి. ఊరికే పేర్లు కాదు, ఎందుకు నచ్చాయో కూడా చెప్పండి."

పేర్లే అయితే ఒక్క నిమిషం పని. ఎందుకు అని అడిగారు కాబట్టి ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

నేను పర్లాకిమిడిలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేసినవాణ్ణి. 1978లో హెల్పర్‌గా చేరాను. కార్బన్ కడ్డీలు అందించడం, ఆడిన రీలు తిప్పి చుట్టడం, తెగిన ఫిల్మ్ అతికించడం నా పని. తర్వాత మిషను నా చేతికొచ్చింది. హాలు మూతపడేదాకా, అంటే ముప్పై ఏళ్ళ పైన, ఆ గదిలోనే ఉన్నాను. ఆపరేటర్ సినిమా చూసే తీరు వేరు బాబూ. అరచెయ్యంత కన్నం, పక్కన మోటారు రొద, నెత్తిన కార్బన్ పొగ. మాటలు సగం వినపడవు. వెయ్యి అడుగుల ఫిల్ము పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. రీలు చివరికొచ్చేసరికి తెర మీద కుడివైపు పై మూల ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మిషను మోటారు వెయ్యాలి. ఇంకో చుక్క పడగానే దీన్నుంచి దానికి మార్చాలి. హీరోయిన్ ఏడుస్తుంటే జనం ఆవిడ కళ్ళు చూస్తారు, నేను ఆ మూల చూస్తాను. ఇప్పటికీ టీవీలో పాత సినిమా వస్తే నా చూపు ముందు అక్కడికే పోతుంది. మా ఆవిడ తిడుతుంది కూడా.

అంచేత నాకు సినిమా అంటే బొమ్మ, దాని కింద చీకట్లో కూర్చున్న జనం. మాట వినపడకపోయినా నన్ను కన్నం దగ్గర్నుంచి కదలనివ్వనిదే నా లెక్కలో మంచి సినిమా.

ఇక జనం సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు పడింది, మహేంద్రతనయ నదికి అవతలున్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. చుట్టాలు రెండు వైపులా మిగిలారు. మా హాల్లో నేల టిక్కెట్టు మీద తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, కొండ దిగి సంతకొచ్చిన సవరలు కలిసి కూర్చునేవారు. ఒక్క జోక్‌కి మూడు నవ్వులు వచ్చేవి. అర్థమైనవాళ్ళది మొదటిది, పక్కవాడు చెప్పగా నవ్వినవాళ్ళది రెండోది, అందరూ నవ్వుతున్నారు కదా అని నవ్వినవాళ్ళది మూడోది. ఈ మూడూ ఒకేసారి వచ్చిన సినిమాలు కొన్నే. నేను చెప్పబోయేవి ఎక్కువగా అవే.

అందుకే మీకు ముందు మాయాబజార్ చెప్పను. తెలుగువాణ్ణి ఎవర్ని అడిగినా అదే చెప్తాడు, అది ఎక్కడికీ పోదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. మొదట మిస్సమ్మ చూడండి.

1955లో విజయా వారు తీసింది, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. బి.ఏ. చదివి ఉద్యోగం లేని అబ్బాయి, అమ్మాయి. ఊళ్ళో జమీందారు బడికి భార్యాభర్తలైన టీచర్లు కావాలంటాడు. ఆకలి తీరాలంటే మొగుడూపెళ్ళాం అని అబద్ధం చెప్పక తప్పదు. అమ్మాయేమో క్రైస్తవ ఇంట్లో పెరిగిన మేరీ, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంతే కథ. మీ ఆవిడకి ఇందులో అనువాదం చెయ్యాల్సింది ఏముంది? కొత్తగా పెళ్ళయినవాళ్ళు పక్కింటివాళ్ళ ముందు ఒకలా, తలుపేసుకున్నాక ఒకలా ఉండటం ఏ భాషలోనైనా అదే కదా. దీని మూలం కూడా బెంగాలీ నుంచి వచ్చింది, రవీంద్రనాథ్ మైత్ర రాసిన నాటకం. కటక్ అమ్మాయికి ఆ గాలి పరాయిది కాదు.

మా గేటు దగ్గర టిక్కెట్లు చింపే అతను సవర క్రైస్తవుడు. మా గజపతి జిల్లా కొండల్లో క్రైస్తవులు చాలామందే ఉన్నారు. మిస్సమ్మ పాత ప్రింటు ఎప్పుడు వచ్చినా అతను గేటు వదిలేసి పైకొచ్చి నా పక్క కన్నంలోంచి చూసేవాడు. తెలుగు సినిమాలో మనలాంటి మనిషి నవ్వులాటకి కాకుండా కథకి నాయికగా రావడం ఇదే చూశానని ఒకసారి అన్నాడు. సినిమా చివరికి ఆ అమ్మాయి జమీందారు గారి తప్పిపోయిన కూతురే అని తేలుతుంది కదా, అక్కడ మాత్రం అతను నిలబడేవాడు కాదు, కిందకి దిగిపోయేవాడు. అతని బాధ నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. సినిమా నాకు ఇప్పటికీ ఇష్టమే, కానీ ఆ చివరి రీలు వేస్తుంటే మెట్ల మీద అతని చెప్పుల చప్పుడే గుర్తొస్తుంది.

సావిత్రి సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. మేరీ వేషానికి ముందు అనుకున్నది భానుమతిని. కొంత షూటింగ్ కూడా అయ్యాక ఆవిడ తప్పుకుంటే, చిన్న వేషానికి అనుకున్న సావిత్రి మేరీ అయింది. ఆ చిన్న వేషం జమునకి వెళ్ళింది. కన్నంలోంచి చూసేవాడికి సావిత్రి ఒక వరం. చిరాకు పడ్డప్పుడు ఆ పెదవి విరుపు చూస్తే మాట వినక్కర్లేదు. ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు ఎప్పుడొస్తుందో నాకు ముందే తెలిసేది. సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారు. మీరు పార్వతీపురం మీదుగా సాలూరు వైపు వెళ్ళే ఉంటారు. ఆయన పుట్టిన శివరామపురం ఆ పక్కనే. బృందావనమది అందరిది పాట రాగానే మీ అత్తగారిని పిలవండి, ఆ వరస ఆవిడకి తెలిసే ఉంటుంది. 1957లో ఎల్.వి.ప్రసాదే హిందీలో మిస్ మేరీగా తీసినప్పుడు హేమంత్ కుమార్ ఆ పాటకి ఇదే వరస ఉంచేశారు. అత్తగారు కూనిరాగం తీస్తే మీ సగం పని అయిపోయినట్టే.

రెండోది శంకరాభరణం. 1980లో వచ్చింది. మా ఊరికి ప్రింటు కొన్ని నెలలు ఆలస్యంగా, శ్రీకాకుళం వైపంతా ఆడి గీతలు పడ్డాక వచ్చేది. డబ్బా తెరిచి పోస్టర్ చూసి మా ఓనరు తల పట్టుకున్నాడు. హీరో లేడు, ఫైటు లేదు, తెల్లజుట్టు ముసలాయన. మొదటి ఆట నేల ఖాళీ. నాలుగో రోజు నుంచి నిలబడ్డానికి చోటు లేదు.

అందులో వానలో శంకరశాస్త్రి ఒంటరిగా పాడే శంకరా నాదశరీరాపరా పాట ఉంది. గదిలో చిన్న మానిటర్ స్పీకర్ ఉండేది, నేను దాని సౌండు పెంచుకుని చెవి ఆనించి వింటున్నాను. చుక్క పడింది, చూడలేదు. రెండో చుక్కా పోయింది. తెర తెల్లగా అయిపోయింది. మామూలుగా అయితే ఈలలు, కేకలు, నా తల్లిదండ్రుల ప్రస్తావన అన్నీ వచ్చేవి. ఆ రోజు హాలంతా నిశ్శబ్దం. నేను చేతులు వణుకుతూ రెండో మిషను వేశాక, కింద గేటతను వచ్చి చెప్పాడు: జనం అది మెరుపు అనుకున్నారట! వానలో మెరుపులు వస్తున్నాయి కదా, ఇదొక పెద్ద మెరుపు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ రీలుకి నేను స్పీకర్ దగ్గర నిలబడలేదు.

శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులు గారు మన శ్రీకాకుళం జిల్లా మనిషే. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరుగా చేస్తూ నాటకాలాడేవారు. తమ్ముడు రమణమూర్తి గారితో కలిసి కన్యాశుల్కాన్ని ఊరూరా ఆడినవారు. తెర మీద ఆయన నడకలో ఆ అధికారి దర్పం కనిపిస్తుంది. కథలో తులసి అనే ఆవిడకి కొడుకుగా కనిపించే బాబు నిజానికి బాబు కాదు, ఆ వేషం వేసిన అమ్మాయి పేరు కూడా తులసే. ఇది మా హాల్లో అప్పట్లో పెద్ద పందెం. పాడిన బాలు గారికీ వాణీ జయరాం గారికీ, సంగీతానికి మహదేవన్ గారికీ జాతీయ అవార్డులొచ్చాయి. మీ ఆవిడకి సంగీతం మీద ఆసక్తి లేకపోతే మాత్రం బలవంతం చెయ్యకండి. అప్పుడు విశ్వనాథ్ గారిదే స్వర్ణకమలం పెట్టండి. అందులో ఒడిస్సీ నర్తకి షారన్ లోవెన్ తన సొంత పేరుతోనే కనిపిస్తుంది. ఆవిడ ఒడిస్సీ గురువు కేలుచరణ్ మహాపాత్ర శిష్యురాలు. కటక్ వాళ్ళకి ఆ పేరు చెప్తే ఇక వేరే పరిచయం అక్కర్లేదు. పైగా డాన్సంటే విసుగుపడే డాన్సర్ కథ అది, భానుప్రియ ఆ విసుగుని భలే చేసింది.

ఇప్పుడు మాయాబజార్.

ఒక ఆదివారం మ్యాట్నీకి హెల్పర్ కుర్రాడు డబ్బాలోంచి రీళ్ళు తీసి వరస తప్పించి పెట్టాడు. నేను చూసుకోకుండా ఎక్కించేశాను. మామూలు సినిమా అయితే పది నిమిషాలకి గానీ ఎవరికీ అనుమానం రాదు. కొన్నిటికి అసలు రాదు, పేర్లు చెప్పను. మాయాబజార్‌కి అర నిమిషం పట్టలేదు. "ఒరే ఆపరేటరూ, లాహిరి ఇంకా అవలేదురా!" అని నేల మీంచి కేక. కేక వేసింది ఎవరనుకున్నారు? ఎదుటి వీధిలో ఛెనాపోడో మిఠాయి అమ్మే ఒడియా ఆయన. తెలుగు సరిగ్గా రాదు, సినిమా మొత్తం వరసగా వచ్చు.

1957 సినిమా. పాండవులు ఒక్క ఫ్రేములో కూడా కనపడని భారత కథ. మార్కస్ బార్ట్లే తీసిన ఆ వెన్నెల నలుపు తెలుపుల్లోనే చూడండి. 2010లో రంగులు వేసి వదిలారు, నాకు నచ్చలేదు. కన్నంలోంచి నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేని చోటు అహ నా పెళ్ళియంట పాట. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. అంటే సావిత్రి, ఆడపిల్ల వేషంలో ఉన్న మగరాక్షసుడిలా నటించాలి. భుజం ఒక్కసారి ఎత్తుతుంది చూడండి, అంతే, లోపల రంగారావు గారు ఉన్నారని తెలిసిపోతుంది. చివర్లో సుశీల గొంతు పోయి ఘంటసాల గొంతు వస్తుంది. మూడు నవ్వులూ ఒకేసారి వచ్చే చోటు అది. సవరలు, ఒడియాలు, మనవాళ్ళు ఎవరూ ఎవర్నీ ఏటని అడగక్కర్లేదు.

మరి మొదట ఎందుకు చూపించొద్దన్నాను? మాటల వల్ల. పింగళి నాగేంద్రరావు గారు రాజాంలో పుట్టారు, మాకు ఎంతో దూరం కాదు. ఆయన ఈ సినిమాలో మాటలు పుట్టించారు. నా అల్లుడు ఒడియా అబ్బాయి, భువనేశ్వర్‌లో ఉద్యోగం. మొదటి సంక్రాంతికి వచ్చినప్పుడు ఉత్సాహం కొద్దీ ఇదే పెట్టాను. దుష్టచతుష్టయం అనగానే నవ్వాడు, సంస్కృతం కదా, వాళ్ళకీ ఉంది. అసమదీయులు అంటే అస్మదీయ నుంచి వచ్చిందని వాడే పట్టేశాడు, మురిసిపోయాను. తసమదీయులు దగ్గర ఆగిపోయాడు. అలాంటి మాట ఎక్కడా లేదు, మనవాళ్ళు అసమదీయులైతే మనవాళ్ళు కానివాళ్ళు తసమదీయులు అని ఆ రాక్షసులే కట్టిన మాట అని నేను చెప్పాలి. చెప్పాను. చెప్పేసరికి సినిమా రెండు జోకులు ముందుకెళ్ళిపోయింది. కంబళికి గింబళి, తల్పానికి గిల్పం వచ్చాయి. మా అమ్మాయి రిమోట్ తీసుకుని ఆపింది, నేను చెప్పాను, మళ్ళీ నడిపింది, మళ్ళీ ఆపింది. ముప్పై ఏళ్ళు ఒక్క రీలు ఆపకుండా నడిపినవాణ్ణి, నా ఇంట్లోనే సినిమా అలా ఆగాగి నడవడం చూడలేక లేచి వెళ్ళి పడుకున్నాను.

తర్వాత సంక్రాంతికి వాడే అడిగాడు, ఆ గింబళి సినిమా పెట్టండి మావయ్యా అని. ఈలోగా మా అమ్మాయి దగ్గర కొంచెం తెలుగు, ఎక్కువ తిట్లు నేర్చుకున్నాడు. ఈసారి ఎవరూ రిమోట్ ముట్టుకోలేదు. కాబట్టి తమ్ముడూ, మీ ఆవిడకి నాలుగు ముక్కలు నలభై అయ్యాక పెట్టండి. సబ్‌టైటిల్స్ ఉన్నవి దొరుకుతాయి, కానీ గింబళిని ఇంగ్లీషులో చదివితే ఏం బాగుంటుంది?

మీరు అయిదారు అన్నారు కాబట్టి మిగతావి త్వరగా చెప్పేస్తాను. 1989 శివ గురించి ఏమీ చెప్పలేదేమని మా వీధి కుర్రాళ్ళు తిడతారు. ఆ వారం హాల్లో సైకిల్ స్టాండు కాపలా అతను సైకిల్ చైన్లు లెక్కపెట్టుకునేవాడు, అది నిజం. సౌండు ఎంత పెంచినా చాలదనేవారు. రామ్‌గోపాల్ వర్మ గొప్పగా తీశాడు, కాదనను. ఆడించడం ఇష్టం, చూడటం అంత ఇష్టం కాదు. లవకుశ మాత్రం మీ ఆవిడ తరఫు పెద్దవాళ్ళు వచ్చినప్పుడు పెట్టండి. 1963 సినిమా, పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి తెలుగు సినిమా, నిడివి మూడు గంటలు దాటుతుంది. మా హాలుకి పాత ప్రింటు వస్తే ఊళ్ళకి ఊళ్ళు ఎడ్లబళ్ళు కట్టుకుని దిగేవి. బళ్ళు నిలపడానికి పక్క పొలం అద్దెకి తీసుకునేవాళ్ళం.

ఈ మధ్యవాటిలో రెండు. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం, వెంకటేష్ మహా తీసింది. విశాఖ కంచరపాలెంలో, ఎక్కువగా అక్కడి మామూలు మనుషులతోనే చేయించాడు. దాని కథ గురించి ఒక్క ముక్క కూడా చెప్పను, మీరూ ఎక్కడా చదవకండి. రెండోది 2020 మార్చిలో వచ్చిన పలాస 1978, కరుణకుమార్ దర్శకుడు. పలాస వెళ్ళి హాల్లో చూశాను, నెల తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. మన యాసని విదూషకుడికి కాకుండా హీరోకి పెట్టారు. గిడుగు రామ్మూర్తి పంతులు గారు మా పర్లాకిమిడిలో బడి చెప్తూ, జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడారు. అంత పోరాటం జరిగిన వైపు నుంచి వచ్చినవాణ్ణి, నా యాస తెర మీద మర్యాదగా వినపడ్డానికి నాకు దాదాపు అరవై ఏళ్ళు వచ్చాయి. రెండో సగంలో కత్తులు ఎక్కువయ్యాయి, పల్లె కళాకారులున్న మొదటి సగమే నాకు ఎక్కువ. మీ ఆవిడకి రక్తం చూడటం పడకపోతే వదిలెయ్యండి.

ఇంకొకటి, నేను ఎప్పుడూ మిషను మీద ఎక్కించనిది. దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నాలు వేరే వేరే భాషల అవార్డు సినిమాలు వేసేవారు, అలా చూశాను. మృణాళ్ సేన్ తీసిన ఒక ఊరి కథ, 1977. ప్రేమ్‌చంద్ కథ కఫన్‌కి తెలుగు రూపం. పని చెయ్యడమే దండగ అనుకునే తండ్రి, కొడుకు, వాళ్ళ మధ్యకొచ్చిన కోడలు. వాసుదేవరావు ఆ తండ్రిగా నవ్వే నవ్వు రాత్రి నిద్రపోనివ్వదు. ఇదే మృణాళ్ సేన్ అంతకు ముందు 1966లో ఒడియాలో మాటిర మనిష తీశాడు, కాళిందీ చరణ్ పాణిగ్రాహి నవల అది. ఒకే బెంగాలీ ఆయన మీ ఇద్దరి భాషల్లోనూ సినిమా తీశాడు కదా, వారం తేడాతో రెండూ చూడండి. పండగ పూట మాత్రం వద్దు.

చివరగా, మీరు అడగనిది. మీరు ఇన్ని చూపిస్తే ఆవిడ కూడా ఒకటి చూపించాలి కదా. మా అల్లుడు ఆ రెండో సంక్రాంతికి మాయాబజార్ అయ్యాక, ఇప్పుడు మాది చూడండి అని 1984 ఒడియా సినిమా పెట్టాడు. నీరద్ మహాపాత్ర తీసిన మాయా మిరిగ. పూరీలో ఒక హెడ్‌మాస్టరు గారి ఉమ్మడి కుటుంబం, మెల్లిగా ఎవరి దారి వాళ్ళు పట్టడం. పాట లేదు, పోట్లాట లేదు. నాకు ఒడియా బాగానే వచ్చు, అయినా అరగంటకి కునుకు పట్టింది, అబద్ధం ఎందుకు. మా ఆవిడది టెక్కలి, ఇన్నేళ్ళయినా ఒడియా కూరగాయల బేరం వరకే. కళ్ళు తెరిచేసరికి ఆవిడ ముందుకి జరిగి కూర్చుని ఉంది. ఇంటి చాకిరీ అంతా మీద పడ్డ పెద్దకోడలిని చూస్తూ, తెరతోనే మాట్లాడుతోంది: "నువ్వు కూడా వెళ్ళిపోవే తల్లీ, ఎవరి కోసం ఇంకా."

అల్లుడు నా వైపు చూశాడు. ఆవిడ ఏమందో నేను ఒడియాలో చెప్పాల్సిన పని లేకపోయింది.